కొంగల పుట్టిల్లు

పొద్దున ఎనిమిది దాటి డాబాల మీద ఎండ చురుక్కుమనే వేళకు మా పటమట ఆకాశంలో అప్పుడప్పుడు ఒక తమాషా కనబడుతుంది. పదో పదిహేనో పెద్ద పక్షులు, రెక్క ఆడించకుండా, కనబడని మేడమెట్లు ఎక్కుతున్నట్లు చుట్లు తిరుగుతూ పైకి పోతాయి. చూస్తుండగానే ఆవగింజలంత అయిపోతాయి. అంత ఎత్తుకు చేరాక చుట్టు విప్పుకుని, చాచిన రెక్కలు చాచినట్లే ఉండగా తూర్పు దిక్కుకు జారిపోతాయి. కింద బందరు రోడ్డు మీద ఆటోల మోత. పైన ఈ తిరునాళ్ళు. ఒకదాని సంగతి ఒకదానికి పట్టదు.

"తాతయ్యా! సైబీరియా కొంగలు!" అని మా మనవడు కేక వేస్తాడు. ఆ పేరు వాడు కల్పించింది కాదు. పక్కింటి పిన్నిగారూ అదే అంటారు, పాలు పోసే అబ్బాయీ అదే అంటాడు. పత్రికల్లో కూడా ఏటేటా ఆ మాటే అచ్చవుతూ ఉంటుంది. "ఎంత దూరాన్నుంచి వచ్చాయో పాపం!" అని పిన్నిగారు జాలి కూడా పడతారు.

నిజం చెప్పవలసివస్తే, వాటికి సైబీరియా ఎక్కడున్నదో తెలియదు. అవి ఈ దేశపు పక్షులు. ఇక్కడే గుడ్డులోంచి బయటపడి, ఇక్కడి చేలల్లో నత్తలూ, ఇక్కడి చెరువుల్లో చేపలూ తిని పెరిగి, ఇక్కడి చెట్లమీదే కాపురం పెట్టేవి. దూరదేశపు చుట్టాలైతే నాలుగు రోజులు మర్యాద చేసి సాగనంపవచ్చు. ఇవి చుట్టాలు కావు. ఇక్కడినుంచి లేవగొడితే పోవడానికి వీటికి వేరే ఊరు లేదు.

అసలు 'కొంగ' అన్న మాటలోనే వచ్చింది తంటా. మన భాషలో అది పెద్ద ఉమ్మడి కుటుంబం. చేలో పశువుల వెంట తిరిగే తెల్లకొంగ, గట్టుమీద ముడుచుకు కూర్చునే గుడ్డికొంగ, నీళ్ళ మధ్య ఒంటరిగా నిలబడే నారాయణపక్షి, ఇవన్నీ ఒక తెగ. నేను చెప్పబోయేవి వేరొక తెగ. తేడా కనిపెట్టడం చాలా సులువు. ఎగిరేటప్పుడు మెడ చూడండి. తెల్లకొంగా, నారాయణపక్షీ మెడను మడిచి భుజాల మధ్య దాచుకుని ఎగురుతాయి. ఈ రెండో తెగవి మెడ ముందుకూ కాళ్ళు వెనక్కూ బారుగా చాచి, కావిడిబద్దలాగా పోతాయి. ఇంకొక తేడా గొంతు. ఎదిగిన పక్షికి గొంతు దాదాపు లేదనే చెప్పాలి. చెప్పవలసింది ఏదైనా ఉంటే ముక్కు టకటకలాడించి చెబుతుంది.

కొంగజపమని మనం ఎత్తిపొడిచే ఆ దొంగ తపస్సు కూడా మొదటి తెగ వారిదే. నీళ్ళలో కదలకుండా నిలబడి, చేప దగ్గరకు రాగానే పొడిచేది అదే. ఈ పెద్దకొంగలకు ఆ ఓపిక లేదు. సగం తెరిచిన ముక్కు నీళ్ళలో పెట్టి అటూ ఇటూ ఊపుతూ, కాళ్ళతో బురద కెలుకుతూ నడుస్తూనే ఉంటాయి. ముక్కుకు చేప తగిలిందా, టక్కున మూసేస్తాయి. కంటితో చూసి పట్టేది తక్కువ; అంతా తడిమి పట్టడమే. చీకట్లో చేతిసంచీ అడుగున తాళంచెవి వెతుక్కునే మనలాంటివే అన్నమాట.

ప్రపంచంలో ఈ తెగవి ఇరవై రకాల దాకా ఉన్నాయి. మన దేశంలో ఎనిమిది. అందులో మా కృష్ణా గుంటూరు ప్రాంతాల్లో విరివిగా కనబడేవి రెండు. ఒకటి ఎర్రకాళ్ళ కొంగ. పసుపుపచ్చని పొడుగు ముక్కు, రొమ్ముమీద నల్లని అడ్డపట్టీ, తోక దగ్గర ఎవరో గులాబీరంగు చల్లినట్లుండే ఈకలు. పేరంటానికి తయారైనట్లుంటుంది. రెండోది గుల్లకొంగ. మన దేశపు ఎనిమిదింటిలో అన్నిటికన్నా పొట్టిది. మామూలు రోజుల్లో మాసిన పంచెరంగు, గూడు కట్టే రోజుల్లో తెలుపు. రెక్కల అంచులు నలుపు. చూడగానే ఆకట్టుకునే అందం కాదు. అయితే దాని ముక్కు ఒకసారి చూస్తే మరిచిపోవడం కష్టం. పై దవడా కింది దవడా మొదట్లో కలుస్తాయి, కొనలో కలుస్తాయి, మధ్యలో మాత్రం కలవవు. ముక్కు మూసుకున్నా ఆ సందులోంచి అవతలి వెలుగు కనబడుతుంది.

ఆ సందు ఎందుకన్నది చాలాకాలం పెద్దపెద్దవాళ్ళకే తేలలేదు. గుల్లకొంగ ముఖ్యాహారం నత్త. నత్తకు గట్టి గుల్ల. కనక ఆ సందులో నత్తను ఇరికించి, అడకత్తెరలో పోకచెక్కలాగా పటుక్కుమనిపిస్తుందని అనుకున్నారు. 1960లో సర్ జూలియన్ హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్త ఈ ముక్కు మీద ఒక వ్యాసమే రాసి, అడకత్తెర సిద్ధాంతాన్నే బలపరిచాడు. తరవాతివాళ్ళు ఓపిగ్గా కూర్చుని చూస్తే సంగతి వేరుగా తేలింది. పిల్లకొంగలకు ఆ సందే ఉండదు, వయసుతో వస్తుంది. అయినా అవి నత్తల్ని నిక్షేపంగా తింటాయి! నత్త ఆ సందులోకి వెళ్ళనే వెళ్ళదు. పని అంతా కొనల దగ్గరే. ముక్కు మధ్య వంగి ఉండడంవల్ల కొనలు నత్తను గట్టిగా అదమడానికి వీలవుతుందని ఇప్పుడు కొందరి అభిప్రాయం.

ఈ పని కళ్ళారా చూడాలని శ్రావణమాసంలో ఒకనాడు నేనూ మనవడూ కంకిపాడు దాకా వెళ్ళాం. పూర్వం ఇంత ప్రయాణం అక్కరలేదు. 1985లో బెజవాడ కార్పొరేషనులో కలిసేదాకా పటమట పంచాయితీ ఊరే. నా చిన్నతనంలో వీధి చివర చేలు మొదలయ్యేవి. ఇప్పుడు కానూరు దాటినా మేడలే, పోరంకి, పెనమలూరు దాటినా మేడలే. పొద్దున మా నెత్తిమీదుగా తూర్పుకు జారిపోయే కొంగలు కూడా పాపం మాలాగే చేను ఎక్కడున్నదా అని వెతుక్కుంటూ పోవలసిందే గదా అనిపించింది.

కాలవలకు నీళ్ళు వచ్చి, నాట్లు పడి, పైరు మూరెడు లేచిన రోజులు. ఒక మడిలో ఇరవై దాకా గుల్లకొంగలు. మేము గట్టుమీద గొడుగు వేసుకుని కూర్చున్నాం. కొంగ ముక్కు తెరిచి బురదలో గబగబా నాలుగు పోట్లు పొడుస్తుంది. తల కూడా నీళ్ళలో మునిగిపోతుంది. ఒక పోటు గుల్లకు తగులుతుంది. పైదవడ కొనతో నత్తను బురదకేసి అదిమిపెడుతుంది. కత్తిమొనలాంటి కింది దవడ కొనను నత్త వాకిలికి ఉండే మూత కిందుగా దూర్చి, లోపల గుల్లకు మాంసం అంటుకున్న కండను కోసేస్తుంది. తరవాత ఒక్క విదుపు. నత్త మొత్తం బయటికి వస్తుంది. గుల్ల చాలామటుకు పగలకుండానే నీళ్ళలో ఉండిపోతుంది. ఇదంతా నీళ్ళ అడుగున, కన్ను చూడని చోట జరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దిలో నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ దొర పక్షులమీద పెద్ద గ్రంథం రాశాడు. ఈ కొంగకు కళ్ళకు గంత కట్టినా నత్తను పట్టి తినగలదని ఆయన ఆనాడే రాసిపెట్టాడు. పరీక్ష బాగుందిగాని, కొంగ ఏమనుకున్నదో!

గట్టుమీదికి వచ్చిన రైతు మమ్మల్ని చూసి నవ్వాడు. "పైరు తొక్కవా?" అని అడిగాను.

"తొక్కినా తొక్కుతాయిలెండి. నత్తలు ఏరిపెడతన్నాయి, కూలి అడగవుగా!" అన్నాడు.

సైబీరియా మాట ఎలా పుట్టిందో నాకు తోచింది చెబుతాను. ఐరోపాలో ఇళ్ళ పొగగొట్టాలమీద గూడుకట్టే తెల్లని పెద్దకొంగ నిజంగానే వలసపక్షి. చలికాలం రాగానే మాయమైపోతుంటే ఎక్కడికి పోతుందో అక్కడివారికి ఎన్నో ఏళ్ళు తెలియలేదు. 1822లో జర్మనీలో ఒక కొంగ దొరికింది. దాని మెడలో ఆఫ్రికా బల్లెం ఒకటి గుచ్చుకుని ఉన్నది! ఆ బల్లెంతో అది అంతదూరం ఎగిరి వచ్చింది. రోస్టాక్ విశ్వవిద్యాలయంలో ఆ కొంగను ఇప్పటికీ బల్లెంతో సహా భద్రపరిచి ఉంచారు. అలా కొంగ అంటే వలస అన్నమాట పుస్తకాలకెక్కింది. ఇక మన దేశానికి సైబీరియానుంచి నిజంగా వచ్చేది ఒక తెల్లని కొక్కెర. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తరవాత అదీ రావడం మానేసింది. ఆ కొక్కెర పేరు తెచ్చి మన కొంగలకు తగిలించి ఉంటారు. మనవి మహా పోతే నీళ్ళ వెంట, వానల వెంట ఈ దేశంలోనే తిరుగుతాయి. భరత్‌పూర్‌లో కాలికి గుర్తుకట్టి వదిలిన గుల్లకొంగ ఒకటి 800 కిలోమీటర్లు తూర్పున దొరికింది. సంచారమే గాని దేశాంతరం కాదు.

తిండి చూశాం గనక ఇక కాపురం చూడాలన్నాడు మనవడు. దానికి మాకు దగ్గరలో పేరున్న చోటు ఉప్పలపాడు. గుంటూరు పక్కనే, పెదకాకాని మండలంలో ఉన్నది. ఫాల్గుణంలో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలు చేసి, బారేజీ దాటి, గుంటూరు బస్సులో బయలుదేరాం. ఈసారి మా ఇంటావిడ కూడా వచ్చింది. పక్షుల కేంద్రమంటే పూలమొక్కలూ బెంచీలూ ఉంటాయని ఆవిడ అంచనా. పులిహోర కూడా కట్టుకొచ్చింది.

ఊళ్ళో ఆటో దిగగానే ముందు పలకరించింది వాసన. చేపల సంతా, సున్నపుబట్టీ, మురుగూ కలిస్తే ఎలా ఉంటుందో అలాంటిది. ఆవిడ పమిటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "పులిహోర మళ్ళీ బెజవాడ వెళ్ళాకనే" అని తీర్మానించింది.

చెరువు పెద్దదేమీ కాదు. మధ్యలో సర్కారు తుమ్మచెట్లు. చెట్లు చాలక అటవీశాఖవారు ఇనుప చట్రాలు కూడా నాటారు. ప్రతి కొమ్మమీదా, ప్రతి చట్రంమీదా గూళ్ళే. అగ్రహారంలో ఇళ్ళలాగా గోడకు గోడ. ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, గుల్లకొంగలు, తెల్లని కంకణాలు, నీటికాకులు, ఎవరి వాటా వాళ్ళది. ఎవరైనా గీత దాటారా, ముక్కులు లేస్తాయి. పక్కగూటి పుల్ల లాక్కోవడం మాత్రం అందరూ చేసే పనే. యజమాని తల తిప్పితే చాలు.

ఎర్రకాళ్ళ కొంగ రెండునుంచి ఐదు గుడ్ల దాకా పెడుతుంది. మగా ఆడా వంతులవారీగా పొదుగుతాయి. నెల రోజులకు పిల్లలు. మరో రెండు నెలలకు గాని వాటికి రెక్కలు రావు. సింగారమంతా తొడుక్కుని పెద్దవి కావడానికి కొన్నేళ్ళు పడుతుంది. అప్పటిదాకా బూడిదరంగు బట్టలే.

మేము చూస్తుండగా ఒక కొంగ చెరువు మీదుగా వచ్చి గూటిమీద వాలింది. కావలి ఉన్న రెండోది లేచి తలవంచి, ముక్కు టకటకలాడించింది. వచ్చినదీ టకటకలాడించింది. భజనలో చిడతలు వాయించినట్లుంది. ఈ మర్యాద కాగానే పిల్లలు కుయ్యోమని మీద పడ్డాయి. పెద్దవాటికి లేని గొంతంతా పిల్లలకే ఇచ్చాడు దేవుడు. తల్లో తండ్రో, గూటి మధ్యలో చేపలు కక్కింది. పళ్ళెంలో వడ్డించలేదు, నేలమీద గుమ్మరించి, తినగలిగినవాడు తినండర్రా అన్నట్లు పక్కకు నిలబడ్డది. మూడు పిల్లల్లో ఒకటి అంగుష్ఠమాత్రం. గుడ్లన్నీ ఒకేరోజు పగలవు కనక ఆఖరుది ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. చేపలు దండిగా దొరికిన ఏడు అదీ బతుకుతుంది. దొరకని ఏడు బతకదు. ఆ చివరిదానికి ఒక్క ముక్కా దొరకలేదు. మా ఇంటావిడ పమిట ముక్కుమీదనుంచి తీసేసి, "దానికి పెట్టవే! అదిగో, ఆ చిన్నదానికి!" అని పైకే అనేసింది. తరవాత వాసన సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

పడమటి ఎండ తీక్షణంగా ఉన్నది. గూళ్ళకు నీడ లేదు. పెద్దకొంగ ఎండకు వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి గొడుగులాగా పట్టుకుని నిలబడితే, పిల్లలు ఆ నీడలో సర్దుకున్నాయి. సూర్యుడు జరిగినకొద్దీ అదీ జరుగుతూ వచ్చింది. కొన్నింటి ఎర్రకాళ్ళు తెల్లగా సున్నం కొట్టినట్లున్నాయి. అది జబ్బు కాదు. వేడి భరించలేనప్పుడు తమ రెట్ట తామే కాళ్ళమీద వేసుకుంటాయి. ఆ తడి ఆరేటప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. శుభ్రతా శుచీ మాట అటుంచితే, పని జరిగే ఉపాయం.

గట్టుమీద ఒక పెద్దాయన గేదెను తోలుకుపోతూ ఆగాడు. పూర్వం ఈ చెరువు నీళ్ళే ఊరివాళ్ళు తాగేవారట. పక్షులు వచ్చి రెట్టలతో నీళ్ళు పాడైతే, పక్షుల్ని వెళ్ళగొట్టకుండా తామే వేరే నీళ్ళు చూసుకున్నారట.

"మరి ఈ కంపు ఎలా భరిస్తున్నారండీ?" అన్నది మా ఇంటావిడ.

"పురిటింట్లో కంపు ఉండదామ్మా?" అన్నాడాయన, గేదెను అదిలిస్తూ.

దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. నాకు మాత్రం మా వీధి జ్ఞాపకం వచ్చింది. మా వీధి మలుపులో ఒక పాత నిద్రగన్నేరు చెట్టున్నది. నిరుడు వానాకాలం దానిమీద గుడ్డికొంగలు గూళ్ళు పెట్టాయి. చెట్టు కింద కార్లు పెట్టుకునేవారికి రెట్టల బెడద. ఒకనాడు పొద్దున్నే కూలీలను పిలిపించి కొమ్మలు కొట్టించారు. పుల్లలతోపాటు పిల్లలూ రోడ్డున పడ్డాయి. కొట్టించినవారు చెడ్డవారని నేననను. వినాయకచవితి పందిరికి అందరికన్నా ముందు చందా ఇచ్చేవారే. పురిటింటి మాట వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు, అంతే.

మన రాష్ట్రంలో ఈ మాట తెలిసిన ఊళ్ళు ఇంకా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో గుల్లకొంగలు తొలకరికి ముందే వచ్చి ఇళ్ళమధ్య చింతచెట్లమీద గూళ్ళు పెడతాయి. అవి వేళకు వస్తే వానలు వేళకు పడతాయని ఊరి నమ్మకం. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ. కైకలూరు పక్కన ఆటపాకలో, కొల్లేటి అంచున, ఇనుప చట్రాలమీద ఈ రెండు రకాలే.

ఉన్న ఊళ్ళ పేర్లతోపాటు లేకుండా పోయిన ఊళ్ళ పేర్లు కూడా చెప్పుకోవాలి. కడప జిల్లా బుచ్చుపల్లెలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కలిసి గూళ్ళు పెట్టాయని పూర్వం ఒకరు చూసి రాశారు. ఆ తరవాత ఆ కాలనీ ఊసే లేదు. 1946లో పశ్చిమగోదావరి జిల్లా ఆరేడులో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షిశాస్త్రజ్ఞుడు గూడబాతుల కాలనీ ఒకటి కనిపెట్టాడు. దాదాపు 3,000 పక్షులు! అంత పెద్ద కాపురం 1975 ప్రాంతానికి మొత్తం ఎత్తిపోయింది. ముప్ఫై ఏళ్ళలో, మనిషి పిల్లాడు పెరిగి పెద్దయ్యేలోగా, ఒక ఊరి ఆకాశం ఖాళీ అయింది. పక్షులు గూడు వదలడానికి చెట్టు ఒక్కటే ఉంటే చాలదు. రెక్క అలిసేలోగా అందే దూరంలో తిండి ఉండాలి. ఆ తిండి మోకాటిలోతు నీళ్ళలో ఉండాలి. అంతకన్నా లోతైతే కొంగ కాలు ఆనదు. వరిచేను చెరువుగా మారినప్పుడు మనకు నీళ్ళు పెరిగినట్లు కనబడుతుంది గాని, కొంగకు కంచం తీసేసినట్లే. చేపలచెరువు ఎండగట్టినప్పుడు మాత్రం నాలుగు రోజులు సంతర్పణ. కొల్లేటిని 1999లో పక్షుల అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల పట్టికలో చేర్చారు, 2006లో చేపలచెరువుల గట్లు చాలా పగలగొట్టారు. ఆ తగాదా మాత్రం ఇంకా తెమలలేదు. చేపలమీద బతికే మనుషులూ అక్కడివారే, చేపలమీద బతికే కొంగలూ అక్కడివే.

సాయంత్రం ఆరుగంటలకు ఉప్పలపాడు చెరువుమీద అసలు సంబరం మొదలయింది. మేతకు పోయినవన్నీ దిక్కుదిక్కులనుంచి వరసలు కట్టి వచ్చాయి. దిగేటప్పుడు రెక్కలు మడిచి, కాళ్ళు వేలాడేసి, గాలిలో పక్కకు దొర్లి దబ్బున వాలుతాయి. మనవడు వందదాకా లెక్కపెట్టి తప్పాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ తప్పాడు. ఆ చిన్న కొంగపిల్ల గూడు ఏదో చీకట్లో మాకు ఆనవాలు దొరకలేదు.

చూడదలచినవారికి నాలుగు మాటలు. మాఘ ఫాల్గుణాల్లో వెళ్ళండి, మధ్యాహ్నం కాకుండా సాయంత్రానికి చేరేటట్లు బయలుదేరండి. దుర్భిణి ఉంటే మంచిది, లేకపోయినా గూళ్ళు కనబడేంత దగ్గరలోనే ఉంటాయి. చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపి ఫొటోలు తీయాలని సరదాపడే పిల్లలుంటే వాళ్ళ చేతికి జంతికలు ఇచ్చి ఊరుకోబెట్టండి. పెద్దది లేచిపోయిన రెండు నిమిషాల్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. గొడుగు తప్పకుండా పట్టుకెళ్ళండి, ఎండకు మాత్రమే కాదు. ఫలహారాలు మాత్రం గుంటూరులోనే కానిచ్చుకోండి.